ఐక్యరాజ్యసమితికి గోడు చెప్పుకున్న కూలీని ఎలా కాపాడుకోవాలి?

పాలమూరు వలస కూలీ ఎవరైనా తన వెట్టి బతుకు గురించి ఐక్యరాజ్యసమితి నిపుణులకు చెప్పారనుకోండి. జెనీవాలోని ఐక్యరాజ్యసమితి ఆఫీసు నుంచి జవాబు వచ్చేలోపే ఊళ్లో కక్ష మొదలవుతుంది. అడ్వాన్సు ఇచ్చి పనికి తీసుకెళ్లే మేస్త్రీ ఆ డబ్బంతా ఒక్కసారే కక్కమంటాడు. పనికి ఎవరూ పిలవరు. అందుకే లేఖ రాయడానికి సాయం చేసేవాళ్లు, కాపాడే పని లేఖ పంపకముందే మొదలుపెట్టాలి.

ముందు ఆ కూలీ ఇంట్లో కూర్చుని లేఖ ఎవరికి పోతుందో చెప్పండి. ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. కానీ ఒక్కో మనిషి నేరుగా ఫిర్యాదు చేసుకునే వీలిచ్చే దాని అనుబంధ ఒప్పందం (ప్రోటోకాల్)లో చేరలేదు. మనకు అందుబాటులో ఉన్నది స్పెషల్ రాపోర్టర్లకు, అంటే ఒక్కో హక్కు సంగతి చూసే ఐక్యరాజ్యసమితి స్వతంత్ర నిపుణులకు రాయడం. దానికోసం ముందు ఇక్కడి కోర్టులన్నీ తిరగనక్కర్లేదు.

చాలామంది పొరబడేది పేరు దగ్గరే. సమాచారం పంపినవాళ్ల పేరును ఆ నిపుణులు గుట్టుగా ఉంచుతారు. బాధితుల పేరు మాత్రం వాళ్లు ప్రభుత్వానికి రాసే లేఖలోకి వెళ్లొచ్చు. ఆ లేఖను మామూలుగా 60 రోజుల తర్వాత అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో పెడతారు. కాబట్టి రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: మీ పేరు ప్రభుత్వానికి చెప్పొచ్చా? లోకమంతా చదివేచోట పెట్టొచ్చా? ఇంట్లో మాట్లాడుకుని రేపు చెప్తామంటే రేపటిదాకా ఆగండి. సంతకం కోసం టెన్షన్ పెట్టొద్దు.

పేరు తీసేస్తే సరిపోదు. పదిహేను ఇళ్ల తండాలో ‘పనిలో కాలు పోయిన కూలీ’ అని రాస్తే ఎవరో అందరికీ తెలుస్తుంది. ఒకసారి నేను మీటింగ్ ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి మేస్త్రీ పంపిన మనిషి, ఆ ఫోటోలో ఉన్న ఒకామె ఇంటి గడప ముందు నిలబడ్డాడు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి ముఖాలు కనపడేలా ఫోటో తీయలేదు.

బెదిరింపు వస్తే తేదీ, టైము, అన్న మాట అన్నట్టే నోటుబుక్కులో రాయండి. ఫోన్‌లో కాల్ వివరాలు చెరపొద్దు. ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. పోలీసులు నేరుగా కేసు పెట్టగల (కాగ్నిజబుల్) నేరమైతే, తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే. అడ్వాన్సు పేరుతో వెట్టి చేయించుకుంటే ఆ అప్పు 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం చెల్లదు, కలెక్టరుకు అర్జీ పెట్టండి. దళితులనో గిరిజనులనో ఊరు వెలివేస్తే అట్రాసిటీ చట్టం కింద నేరం. అదే చట్టంలోని 15ఏ సెక్షన్ బాధితులకూ సాక్షులకూ రక్షణ ఇస్తుంది. పెద్ద నేరంలో సాక్షులైతే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి నడిపే కమిటీని రక్షణ అడగొచ్చు.

తర్వాత జెనీవాకు మళ్లీ రాయండి, ఆ మనిషి ఒప్పుకుంటేనే. ఐక్యరాజ్యసమితికి సహకరించినందుకు జరిగే వేధింపులను చూడటానికి 2016 నుంచి ఒక సీనియర్ అధికారి ఉన్నారు. ఇలాంటి ఘటనలపై సెక్రటరీ జనరల్ ఏటా నివేదిక ఇస్తారు. ఎప్పుడు ఏం చెప్పారు, ఆ తర్వాత ఎన్నాళ్లకు ఏం జరిగింది, రెండింటికీ లింకు ఏంటి అన్నది స్పష్టంగా రాయాలి. నోటుబుక్కు పనికొచ్చేది ఇక్కడే.

లేఖ పోయాక వారానికోసారైనా ఆ ఇంటికి వెళ్లండి. వాళ్లు ముంబై బస్సెక్కి పోతే, అక్కడ రాత్రిపూట కూడా ఫోన్ ఎత్తే మనిషి ఒకరి నంబరు వాళ్ల దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి.