‘మనాది’ని మనాదిగానే రాసుకోవాలి: తెలుగు, నర్సింగ్, బొమ్మల విద్యార్థులు కలిసి పరిశోధన చేసే పద్ధతి

ఊరి నుంచి పెద్ద దవాఖానకు వచ్చిన అవ్వ “పానం గుంజుతాంది బిడ్డా” అంటుంది. చీటీ మీద “జనరల్ వీక్‌నెస్” అని పడుతుంది. ఎక్కడ గుంజుతుంది, ఎప్పటిసంది, ఏ పని చేసేటప్పుడు, దాంతో పాటు మనసుకేమైంది (‘మనాది’, అంటే లోపల కూర్చున్న దిగులు, ఉందా) అన్నవన్నీ ఆ రెండు మాటల నడుమ రాలిపోతాయి. రాలిపోయిన వాటిని ఏరుకొచ్చే పని విద్యార్థులు బాగా చేయగలరు, ఒక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు మాత్రం చేయలేరు. తెలుగు ఎంఏ వాళ్లకు మాట తెలుసు. నర్సింగ్, ఎంబీబీఎస్ వాళ్లకు ఒళ్లు తెలుసు. బొమ్మ గీయడం వచ్చినవాళ్లకు చదువు రానివాళ్లతో మాట్లాడే ఇంకో దారి తెలుసు. వరంగల్, హనుమకొండల్లో వీళ్లంతా ఒకరికొకరు ఆటో దూరంలోనే ఉంటారు. ఇక్కడి వైద్య విశ్వవిద్యాలయానికి ఉన్న పేరు కూడా డాక్టరుది కాదు, జనం భాష కోసం కొట్లాడిన కవి కాళోజీది.

కింద చెప్పేది ముగ్గురు విద్యార్థులు ఒక సెమిస్టర్‌లో పూర్తి చేయగల పని. గైడ్లు ఇద్దరుండాలి, తెలుగు వైపు ఒకరు, వైద్యం వైపు ఒకరు. ఒక్క గైడ్‌తో మొదలుపెడితే పని చివరికి ఆ ఒక్క వైపే ఒరిగిపోతుంది.

ముందు ప్రశ్నను చిన్నది చేయండి

“వరంగల్ జిల్లా గ్రామీణ మహిళల ఆరోగ్య సమస్యలు – ఒక పరిశీలన” అనేది ప్రశ్న కాదు, శీర్షిక. దానితో ఊరికి పోతే ఏం అడగాలో తెలియదు. ఇలా రాసి చూడండి: “హనుమకొండ చుట్టుపక్కల రెండు ఊళ్లలో, 50 ఏళ్లు దాటి, షుగర్ మందులు వాడుతున్న ఆడవాళ్లు తమ నీరసాన్ని, దిగులును ఏ మాటలతో చెప్తారు? ఆ మాటల్లో వేటిని డాక్టరు ముందు చెప్తారు, వేటిని ఇంట్లోనే దాచుకుంటారు?” వైద్యానికి అక్కరకొచ్చేది ఈ రెండో సగమే.

ఇటువంటి పనికి 12 నుంచి 15 మంది చాలు. కొత్త మాటలు రావడం ఆగిపోయిందని రెండు మూడు ముచ్చట్లలో వరుసగా కనిపిస్తే అక్కడ ఆపొచ్చు. కాకపోతే 15 మందితో మాట్లాడి “60 శాతం స్త్రీలు” అని రాయకూడదు. ఆ లెక్కకు వేరే పద్ధతి, వేరే నమూనా కావాలి. మీ పని మాటల్లోని తేడాలు చూపించడం, శాతాలు తేల్చడం కాదు.

అంతకుముందు జరిగిన పని చూడటానికి ఒక వారం పెట్టుకోండి. శోధగంగ వెబ్‌సైట్‌లో తెలుగు శాఖల సిద్ధాంత గ్రంథాలు, పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో వైద్య వ్యాసాలు దొరుకుతాయి. వెతికేటప్పుడు ఒకే మాటను నాలుగైదు స్పెల్లింగులతో కొట్టాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశాన్ని లైబ్రరీలో ఒకసారి తిరగేయండి. సేద్యం చేసేవాళ్ల నోటి నుంచే మాటలు ఎట్లా సేకరించారో అందులో కనిపిస్తుంది. ఒంటి బాధల మాటలకూ అదే శ్రద్ధ కావాలి.

అనుమతి లేకుండా ఒక్క ముచ్చట కూడా వద్దు

ఎక్కువ ప్రాజెక్టులు మునిగేది ఇక్కడే. ముందు మాట్లాడేసి తర్వాత ఎథిక్స్ కమిటీకి (పరిశోధనలో మనుషులకు హాని జరగకుండా చూసి అనుమతిచ్చే కమిటీ) పోతే ఆ ముచ్చట్లు పనికిరావు, అయిపోయిన పనికి అనుమతి ఇవ్వరు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు. అధ్యక్షులు ఆ సంస్థకు బయటివాళ్లై ఉండాలి. డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవాళ్లు, సామాజిక శాస్త్రం వాళ్లు, మామూలు పౌరులు కూడా కూర్చుంటారు. అందుకే దరఖాస్తును ఆ మామూలు మనిషికి అర్థమయ్యేటట్టు రాయాలి. తెలుగు విద్యార్థులకు సొంత కమిటీ దొరకకపోతే వైద్యం వైపు గైడ్ ద్వారా వాళ్ల కాలేజీ కమిటీకి పెట్టుకోవడం సులువు. కమిటీ రోజూ కూర్చోదు కాబట్టి సెమిస్టర్ మొదటి వారంలోనే కాగితాలు అందాలి.

దరఖాస్తుతో పాటు పరిశోధన ప్రణాళిక, అడగబోయే ప్రశ్నలు, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ సమాచార పత్రం, సమ్మతి పత్రం, గైడ్ల సంతకాలు పెట్టాలి. దవాఖానలో మాట్లాడాలనుకుంటే సూపరింటెండెంట్ అనుమతి వేరే తీసుకోవాలి. ఊళ్లో సర్పంచ్‌ను కలవడం మర్యాద. కానీ సర్పంచ్ సరేనన్నంత మాత్రాన ఆ అవ్వ సరేనన్నట్టు కాదు.

సమ్మతి పత్రంలో “స్వచ్ఛందంగా పాల్గొనుటకు నా అంగీకారమును తెలియజేయుచున్నాను” అని రాస్తే ఎవరికీ ఎక్కదు. ఇలా చదివి వినిపించండి: “మీకు ఇష్టముంటెనే మాట్లాడుండ్రి. నడుమల వద్దన్నా ఆపేస్తం. మాట్లాడకపోయినా మీకచ్చే మందులు ఆగయి. మీ పేరు యాడ బయటపెట్టం.” తర్వాత “మేం చెప్పింది మీకెట్ల అర్థమైంది, ఒక్కసారి చెప్పుండ్రి” అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పగలిగితేనే సమ్మతి వచ్చినట్టు. వేలిముద్ర వేసేవాళ్లయితే మీ బృందానికి సంబంధం లేని సాక్షి సంతకం కావాలి. మాట రికార్డు చేయడానికి ఒకటి, ఫొటోకు ఒకటి, బొమ్మ వాడుకోవడానికి ఒకటి, వేర్వేరు గడులు పెట్టండి. చాలామంది మాటకు ఒప్పుకుని ఫొటోకు వద్దంటారు.

ముచ్చట పెట్టే వేళ

పత్తి ఏరే రోజుల్లో, నాట్లప్పుడు పగలు ఇంట్లో ఎవరూ దొరకరు. బతుకమ్మ తొమ్మిది రోజులూ పోవద్దు. మేడారం జాతర జరిగే ఏడాది మాఘమాసంలో ములుగు, భూపాలపల్లి వైపు పని పెట్టుకోవద్దు. మిగతా రోజుల్లో పొద్దుగూకే ముందో, అన్నం తిన్నాక నడుం వాల్చే ముందో ఒక అరగంట దొరుకుతుంది. ఓపీ లైన్లో నిలబడి మాత్రం అడగొద్దు. తమ నంబరు పోతుందన్న భయంతో ఉన్నవాళ్లు ముక్తసరిగానే చెప్తారు.

తెల్లకోటు ఇంట్లోనే వదిలిపెట్టండి. కోటు కనిపిస్తే “షుగర్, బీపీ, గ్యాస్” అనే దవాఖాన మాటలే వస్తాయి, ఇంటి మాట రాదు. ఆశా కార్యకర్త దారి చూపిస్తే మంచిదే, మాట్లాడేటప్పుడు మాత్రం పక్కన కూర్చోబెట్టుకోవద్దు. కొడుకో కోడలో అవ్వ బదులు తామే జవాబు చెప్తుంటే బృందంలో ఒకరు వాళ్లను అరుగు మీదికి తీసుకుపోయి వేరే ముచ్చట పెట్టాలి. ముగ్గురు పోవడంలో ఇదొక లాభం.

వైద్య మానవశాస్త్రంలో ఆర్థర్ క్లైన్‌మన్ పేరుతో నిలిచిన ప్రశ్నల పద్ధతి ఒకటుంది. రోగం గురించి రోగి తనకు తాను ఏం చెప్పుకుంటున్నారో అడగడం దాని సారం. దాన్ని మన మాటలో ఇలా పెట్టుకోవచ్చు:

– అవ్వా, పానమెట్లున్నది?
– దీన్ని మీరేమంటరు?
– ఎప్పటిసంది? గప్పుడే ఎందుకు మొదలైందనుకుంటున్నరు?
– దీంతోని ఏ పని చేయబుద్ది అయితలేదు?
– ఇప్పటిదాంక ఏమేం చేసిండ్రు?
– దీంట్ల మీకు దేనికి భయమైతది?
– డాక్టరుకు చెప్పిండ్రా? చెప్పకపోతె, ఎందుకని?

ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. మూడో అంకె దగ్గర మీరు నోరు తెరిస్తే అసలు జవాబు పోతుంది. “డిప్రెషన్”, “టెన్షన్” అనే మాటలు మీ నోటి నుంచి ముందు రాకూడదు. మీరంటే వాళ్లూ అదే అంటారు. తాయెత్తు, ఊది, ఆర్‌ఎంపీ సూది సంగతి వచ్చినప్పుడు మీ ముఖం మారిందా, ముచ్చట అక్కడికే ముగిసింది. వైద్య విద్యార్థులకు కష్టమైనది ఇదే: నడుమ సలహా ఇవ్వకుండా ఉండటం. సలహా చెప్పాల్సిందే, కానీ రికార్డర్ ఆపాక చెప్పాలి.

ములుగు వైపు కోయ ఊళ్లకు, నర్సంపేట తండాలకు పోతే తెలుగులో మాత్రమే అడగడం అన్యాయం. అక్కడి భాష (కోయ, లంబాడీ) ఇంట్లో మాట్లాడే విద్యార్థిని బృందంలోకి తీసుకోండి, దుబాసీగా కాదు, సమాన సభ్యురాలిగా.

ఎవరైనా “బతకబుద్ది అయితలేదు” అంటే పరిశోధన అక్కడితో ఆగాలి. ఒంటరిగా వదిలి రావద్దు. గైడ్‌కు వెంటనే ఫోన్ చేయాలి. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పలుకుతుంది, అక్కడే కలిపి ఇవ్వాలి. పేరు బయటపెట్టబోమన్న మాటకు ప్రాణాపాయం ఒక్కటే మినహాయింపని సమ్మతి దగ్గరే చెప్పి ఉంచాలి.

రికార్డింగు

మామూలు ఫోన్ చాలు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో, వేవ్ ఫైలుగా పెట్టండి. గంటకు సుమారు 345 ఎంబీ పడుతుంది, కాబట్టి 10 గంటలకు మూడున్నర జీబీ. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన టువాలు మీద మూరెడు దూరంలో ఉంచాలి. గచ్చు మీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా ఉరుములా వస్తుంది. ముందు 30 సెకన్లు రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌లో వినండి. ఫ్యాన్ హోరు మాటను మింగేస్తుంటే వేపచెట్టు కిందికి మారడం మంచిది. ఫైలు పేరులో మనిషి పేరు వద్దు, “క-07” వంటి గుర్తు చాలు. గుర్తుకూ పేరుకూ ఉన్న పట్టిక కాగితం మీద, గైడ్ బీరువాలో ఉండాలి.

మాటను కాగితం మీదికి దించడం

15 మందితో 40 నిమిషాల చొప్పున అంటే 10 గంటల మాట. గంట మాటను రాయడానికి 6–7 గంటలు పడుతుంది. ముగ్గురు పంచుకున్నా తలా 20 గంటలు దాటుతుంది. ఈ లెక్క ముందే వేసుకోకపోతే చివరి వారంలో సారాంశాలు రాసి చేతులు దులుపుకోవాల్సి వస్తుంది. సారాంశంలో మొదట పోయేది మాటే.

ఇలాంటి వాక్యం వచ్చిందనుకోండి: “కాళ్లల్ల పానం లేనట్టైతది బిడ్డా. కూసుంటె లేవబుద్ది గాదు. రంది గాదు... మనాది.” దీన్ని “కాళ్లలో శక్తి లేదు, దిగులుగా ఉంది” అని దిద్దితే మూడు నష్టాలు. “పానం” కాస్తా “శక్తి”గా మారిపోయింది. “లేవబుద్ది గాదు” అన్నది లేవలేకపోవడమా, లేవాలనిపించకపోవడమా అన్న ప్రశ్నే మాయమైంది. అన్నిటికన్నా పెద్దది, ఆమె తనంతట తాను రందికీ మనాదికీ గీత గీసింది, ఆ గీత చెరిగిపోయింది. ఆ నడుమ ఆగిన నాలుగు సెకన్లను కూడా రాయాలి.

కాబట్టి నాలుగు గడులు గీయండి: సమయం, ఉన్నది ఉన్నట్టు మాట, అప్పుడు చూసింది (చెయ్యి ఎక్కడ పెట్టింది, ఎటు చూసింది), మళ్లీ పోయి అడగాల్సింది. ఇంగ్లిషు అనువాదం చివర్లో, వేరే కాగితం మీద.

మాటల్ని విడదీయడం

ప్రతి మాటకూ ఒక చీటీ రాసి, అది వచ్చిన సందర్భమంతా కింద రాయండి. చీటీలన్నీ నేల మీద పరిచి కుప్పలు పెట్టండి. తెలుగు విద్యార్థి, నర్సింగ్ విద్యార్థి విడివిడిగా పెట్టాకే పోల్చుకోవాలి. తేడా వచ్చిన చీటీలే అన్నిటికన్నా విలువైనవి, వాటిని రాజీ చేసి దాచొద్దు.

ఇక్కడ ఇద్దరికీ చెరో తొందర. సాహిత్యం వాళ్లు నిఘంటువు తెరిచి వ్యుత్పత్తి చెప్తారు. వైద్యం వాళ్లు మనాది అంటే డిప్రెషన్ అని గీత కొట్టేస్తారు. రెండూ వద్దు. రంది వచ్చిపోయే దిగులుగా, మనాది లోపల కూర్చుని ఒంటిని తినే దిగులుగా చాలామంది వాడతారు. మీరు పోయిన ఊళ్లో అట్లాగే వాడుతున్నారో లేదో చీటీలే చెప్పాలి: ఎవరు పోయాక మొదలైంది, తిండి తగ్గిందా, నిద్ర పోయిందా, షుగర్ గోలీలు వేసుకోవడం మానేశారా. డిప్రెషన్ లక్షణాలను తొమ్మిది ప్రశ్నలతో చూసే పీహెచ్‌క్యూ-9 వంటి ప్రశ్నావళి వాడాలనిపిస్తే పరీక్షించి ఖరారు చేసిన తెలుగు రూపమే తీసుకోండి, సొంతంగా అనువదించొద్దు. దాని మార్కులు 0 నుంచి 27. అవి అనుమానం చూపిస్తాయి తప్ప రోగ నిర్ధారణ చేయవు. తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకునే ఆలోచన గురించి. గైడ్ అందుబాటులో లేని రోజు అది అడగనే కూడదు.

బొమ్మల విద్యార్థి పని ఇక్కడ అలంకారం కాదు. ఏ3 కాగితం మీద ఒంటి గీత గీసి, బాధ ఎక్కడుందో వాళ్లచేతనే రంగు పెట్టించాలి. “గుంజుడు”కు ఒకరు పిక్కల మీద, ఇంకొకరు గుండె మీద రంగు పెడితే అది రెండు వేర్వేరు మాటలన్నమాట.

రాయడం, తిరిగి ఇవ్వడం

నివేదికలో “56 ఏళ్లు, మాజీ సర్పంచ్ భార్య, పెద్దకొడుకు దుబాయిలో” అని రాస్తే పేరు తీసేసినా ఊరంతా గుర్తుపడుతుంది. “50లలో ఉన్న స్త్రీ, క-07” చాలు.

డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు ఒక్క పేజీ ఇవ్వండి. ఒకవైపు మాట, రెండోవైపు తర్వాత అడగాల్సింది. “తిమ్మిర్లు” అంటే అరికాళ్లలో స్పర్శ ఉందా, తెలియకుండా పుండ్లు పడ్డాయా చూడాలి. “కండ్లు తిరుగుడు” అంటే తిండికి ముందా, చెమటలు పడుతున్నాయా (షుగర్ పడిపోయి ఉండొచ్చు), లేచి నిలబడగానేనా (బీపీ చూడాలి). “మనాది” అంటే ఎప్పటిసంది, నిద్ర ఎట్లుంది, మందులు వేసుకుంటున్నారా.

ఊరికి ఇవ్వాల్సింది వేరే. చేర్యాల పటాల్లో కథ గళ్లుగళ్లుగా కిందికి సాగుతుంది, కథకుడు ఒక్కో గడి చూపిస్తూ చెప్తాడు. ఆ వరుసలోనే పొడవాటి గుడ్డ మీద ఒక్కో మాటకు ఒక్కో గడి గీయండి. చేర్యాల కళాకారులతోనే వేయిస్తే వాళ్ల కూలి ముందే బడ్జెట్‌లో రాసుకోండి. ఎవరి పోలికా రాకుండా ముఖాలు మార్చండి. పటం కట్టి మాటలు చదివి వినిపిస్తుంటే “గట్ల గాదు బిడ్డా” అని ఎవరో ఒకరు దిద్దుతారు. ఆ దిద్దుబాటును తేదీతో రాసుకుని చీటీల్లో కలిపాకే నివేదికను బైండింగ్‌కు ఇవ్వండి.