ఏడో రోజు పిండాన్ని దొర్లించి చూడండి

ల్యాబ్‌లో పెంచిన ఆవు పిండాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టగానే కనిపించేది ఒక పక్క మాత్రమే. అంతమాత్రానికే గ్రేడ్ రాసేయొద్దు. పిపెట్‌తో మీడియాను, అంటే పిండం ఉన్న ద్రవాన్ని, మెల్లగా కదిపితే పిండం గోళీలా దొర్లుతుంది, రెండో పక్కా చూడండి. చేరిన కొత్తలో గుండ్రంగా, ముద్దగా ఉన్నదాన్ని మోరులా (కణాలు ముద్దగా అతుక్కున్న తొలి దశ పిండం) అనుకుని ఒకటో గ్రేడ్ రాశాను. మా మేడం దాన్ని దొర్లించి, "అంచు చూడమ్మా, ఎటు తిప్పినా నున్నగానే ఉంది. ఇది ఫలదీకరణే జరగని అండం" అన్నారు. మోరులా అంచున కణాల గతుకులు సన్నగా తెలుస్తాయి. అప్పటినుంచి 50 రెట్లకు తక్కువలో నేను గ్రేడ్ చెయ్యను.

ముందు వయసు లెక్క. ఫలదీకరణ రోజును సున్నా అనుకుంటే ఏడో రోజుకు బ్లాస్టోసిస్ట్ (మోరులా తర్వాత, లోపల ద్రవం నిండి ఉబ్బే దశ) అయి ఉండాలి. ఎనిమిదో రోజుకు గానీ ఆ దశ చేరనిదాన్ని, చూడ్డానికి బాగున్నా, నేను వెనక వరసలోనే పెడతాను.

తర్వాత నాణ్యత. ఐఈటీఎస్ (అంతర్జాతీయ పిండ సాంకేతిక సంఘం) పద్ధతిలో కణరాశిలో కనీసం 85 శాతం చెక్కుచెదరకుండా ఉంటే 1, కనీసం 50 శాతం ఉంటే 2, 25 శాతమైనా ఉంటే 3, చచ్చినదీ చివికిపోతున్నదీ 4. ముద్ద నుంచి విడిపోయి, పిండాన్ని కప్పి ఉంచే జోనా అనే పొర లోపలి సందులో తేలే కణాలెన్నో చూస్తే ఈ శాతం అంచనాకు వస్తుంది. బ్లాస్టోసిస్ట్‌లో లోపలి కణాల ముద్దను తప్పక వెతకండి. దూడ అయ్యేది అదే, చుట్టూ ఉన్న కణాల పొర మాయలోకి పోతుంది. ముద్ద కనిపించని పిండం ఎంత పెద్దగా ఉబ్బినా నేను ఆవు గర్భంలోకి ఎక్కించను.

రంగు చూసి కంగారుపడొద్దు. ల్యాబ్ పిండాల్లో కొవ్వు ఎక్కువ, అందుకే నల్లగా కనిపిస్తాయి. ఫ్రీజింగ్‌కు అంతగా తట్టుకోకపోవడానికీ ఆ కొవ్వు ఒక కారణం. కాబట్టి ఫ్రీజింగ్‌కు 1 మాత్రమే. 2 ఉంటే తాజాగానే, ఏడు రోజుల క్రితం ఎదకొచ్చిన ఆవుకు ఎక్కించండి, ఒక రోజు అటూ ఇటూ అయినా పర్లేదు.

ఉబ్బిన బ్లాస్టోసిస్ట్ ఒక్కోసారి చూస్తుండగానే కుంగిపోతుంది. అది చావు కాదు. ఇంక్యుబేటర్‌లో పెట్టి కాసేపాగి మళ్లీ చూడండి, చాలాసార్లు తిరిగి ఉబ్బుతుంది.

పిండాన్ని స్ట్రాలోకి (ఆవుకు ఎక్కించే సన్నని గొట్టంలోకి) తీసుకున్నాక డిష్‌నూ పిపెట్‌నూ మరోసారి మైక్రోస్కోప్ కింద చూడండి. పిండం పిపెట్ గోడకే అంటుకుపోయి ఉండొచ్చు.