ఎండలు ముదిరేలోపు పెరటి తోటకు జాగ్రత్తలు: పొడి వేడికి ఒకలా, ఉక్కపోతకు ఇంకోలా

మొక్క మాడిపోయాక నీళ్ళు పోసి బతికించుకోవడం కష్టం. వేసవి జాగ్రత్తల్లో చాలా భాగం ఎండలు ముదరడానికి మూడు నాలుగు వారాల ముందే అయిపోవాలి. ఏం చేయాలన్నది మాత్రం మీ దగ్గర వేడి ఎలాంటిదో చూసుకుని తేల్చుకోవాలి. గాలి పొడిగా ఉండేచోట మొక్క దాహంతో చస్తుంది. గాలి నిండా తేమ ఉండేచోట ఎక్కువగా వేళ్ళు కుళ్ళి, బూజు తెగుళ్ళు పట్టి పోతుంది. ఒకచోట పనికొచ్చిన సలహాను రెండోచోట గుడ్డిగా పాటిస్తే నష్టమే.

వాతావరణం ఏదైనా ముందుగా ముగించాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. కొత్త నారు నాటాలంటే ఎండలకు నెల ముందే నాటేయండి, వేళ్ళు లోతుకు దిగడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. నీడలో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా పాలిపోయి మాడతాయి. మొదటి రోజు గంటసేపు ఉదయపు ఎండ చూపించి, రోజూ మరో గంట పెంచుతూ వారం పది రోజుల్లో అలవాటు చేయాలి. నాటడం సాయంత్రమే మంచిది. యూరియా లాంటి నత్రజని ఎరువులు ఆపేయండి. వాటి వల్ల వచ్చే లేత చిగుళ్ళు వేడికి తట్టుకోలేవు, పైగా తేమ తగ్గిన మట్టిలో ఎరువు లవణాలు చిక్కబడి ఆకుల అంచులు మాడతాయి. కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తే లవణాలు పేరుకున్నట్టే. అడుగు నుంచి నీళ్ళు ధారగా కారేదాకా రెండు మూడుసార్లు నింపి వంపేయండి. కొమ్మలు కూడా ఇప్పుడు గట్టిగా కత్తిరించకూడదు. ఆకుల నీడ పోయిన కాండం మీద ఎండ నేరుగా పడి బెరడు పగులుతుంది. నిమ్మ, జామ లాంటి చెట్లకు మొదలు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు సున్నం పూయడం అందుకే.

కుండీలు

ఎక్కువ నష్టం జరిగేది కుండీల్లోనే. నేలలో వేళ్ళకు లోతున చల్లదనం దొరుకుతుంది, కుండీలో వేళ్ళు గోడకే ఆనుకుని ఉంటాయి. నల్ల ప్లాస్టిక్ కుండీ మీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే లోపలి మట్టి 40 డిగ్రీలు దాటిపోగలదు. ఆ వేడికి లేత వేళ్ళు చచ్చిపోతాయి. మట్టి తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం వాడిపోతుంది. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తే దెబ్బతిన్న వేళ్ళు కుళ్ళిపోతాయి. అందుకని ఆకుల కన్నా ముందు కుండీ గోడకు నీడ చూడండి. గాలి పొడిగా ఉండేచోట కుండీలన్నీ దగ్గరదగ్గరగా చేర్చి, పెద్దవాటిని పడమటి వైపు ఉంచండి. మిగిలినవాటికి గోనెసంచి చుట్టండి. మిద్దె గచ్చు మీద నేరుగా కాకుండా ఇటుకల మీద పెట్టండి. చిన్న కుండీల్లో ఉన్న టమాట, వంగ, మిరప మొక్కలను 12 అంగుళాల కుండీలోకి మార్చాలంటే వేడి మొదలవకముందే మార్చాలి.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువగా ఉన్న మట్టి ఒకసారి బాగా ఎండితే నీటిని పీల్చదు. పోసిన నీరు గోడల పక్కనుంచి జారి అడుగున కారిపోతుంది, లోపలి వేళ్ళ ముద్ద పొడిగానే ఉంటుంది. కుండీ ఎత్తి చూడండి. నీళ్ళు పోసినా తేలిగ్గా ఉందంటే ఇదే జరిగింది. కుండీని నీళ్ళ తొట్టిలో అరగంట పాటు, బుడగలు రావడం ఆగేదాకా ఉంచితే మళ్ళీ తడుస్తుంది.

పొడి వేడి ఉన్నచోట

ఎండుటాకులో గడ్డో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరచండి. ముందు మట్టిని బాగా తడిపాకే పరచాలి. కాండానికి మూడు వేళ్ళ ఎడం వదలాలి, ఆనించి పరిస్తే మొదలు కుళ్ళుతుంది. పచ్చి రంపపుపొట్టును మట్టిలో కలపకండి, అది కుళ్ళేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది. పెద్ద మొక్కల పాదును కాండం దగ్గర కాకుండా కొమ్మల చివర్ల కింద చేయండి, నీటిని పీల్చే వేళ్ళు ఎక్కువగా ఉండేది అటువైపే. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైకే వస్తాయి. తెల్లవారుజామున లోతుగా తడపండి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, అక్కడ పొడిగా ఉంటేనే మళ్ళీ పోయండి.

ఆకుల రసం పీల్చే అతి చిన్న పురుగు ఎర్రనల్లి విజృంభించేది ఈ పొడి గాలిలోనే. ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు కనిపిస్తే ఆ ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టండి. కదిలే చుక్కలు రాలితే అదే. ఉదయాన్నే ఆకుల అడుగు భాగానికి నీళ్ళు వేగంగా కొట్టడం మొదటి వైద్యం. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి ముందు ఒక ఆకు మీద వేసి చూసి, సాయంత్రం పిచికారీ చేయండి. ఎండలో కొడితే నూనె వల్లే ఆకులు మాడతాయి.

ఉక్కపోత ఉన్నచోట

ఇక్కడ నీరు నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి నీళ్ళు తగ్గించడమే జాగ్రత్త. పైన పరిచే ఆకుల పొర 3 సెంటీమీటర్లు దాటనివ్వకండి. కుండీలను ఎడంగా జరిపి గాలి ఆడనివ్వండి, నేలను తాకే కింది ఆకులు తీసేయండి. ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే నీళ్ళు పోయాలి. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి, దోమలు కూడా పెరుగుతాయి.

ఎత్తైన చల్లని ప్రాంతాల్లో పగలు ఎండ తీక్షణంగా ఉన్నా రాత్రి చలి బాగా ఉంటుంది. అక్కడ సాయంత్రం నీళ్ళు పోయకండి.

షేడ్ నెట్, పూత

ఆకుకూరలకు 50 శాతం నీడనిచ్చే నెట్, కాయగూరలకు 35 శాతం చాలు. 75 శాతం కడితే తీగలు సాగుతాయి గానీ కాయవు. మొక్కల మీద రెండడుగుల ఖాళీ వదిలి కట్టాలి, లేకపోతే కింద వేడి గాలి నిలిచిపోతుంది. తాళ్ళను గట్టి ఆధారాలకే కట్టండి, వేసవి గాలివానకు నెట్ ఊడితే దానితోపాటు కొమ్మలూ విరుగుతాయి.

పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటిన రోజుల్లో టమాట పూత రాలడం సహజం. పుప్పొడి పనిచేయదు, మందు కొట్టినా ఫలితం ఉండదు. మొక్కను ప్రాణాలతో నిలబెడితే చల్లబడ్డాక మళ్ళీ పూస్తుంది. కాయ అడుగున నల్లటి మచ్చ వస్తే చాలామంది వెంటనే కాల్షియం వేస్తారు, కానీ తడి ఒకరోజు ఎక్కువై మరో రోజు తక్కువైనందువల్లే చాలాసార్లు కాల్షియం కాయకు అందదు. సొర, గుమ్మడి ఆకులు మిట్టమధ్యాహ్నం వాలిపోతే కంగారు పడకండి. మర్నాడు ఉదయానికి కూడా లేవకపోతేనే మట్టి తడి చూడండి.

పైపులో నిలిచిన నీరు ఎండకు బాగా వేడెక్కుతుంది. మొదట వచ్చే వేడి నీరు బకెట్‌లో పట్టి, చల్లటి నీరు వచ్చాకే మొక్కకు పెట్టండి. వేడి తగ్గాక నెట్‌ను ఒక్కసారే లాగేయకుండా, మబ్బు పట్టిన రోజు చూసి మొదలుపెట్టి, వారం పాటు రోజుకు కొంచెం కొంచెంగా తొలగించండి.