పాత ఆవిరి ఇంజన్‌ను చదవడం – 3వ పాఠం: పెద్ద చక్రం లెక్క

ముందు పోయిన పాఠం హోంవర్క్ సంగతి. 1870లో ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్‌లో ప్యాట్రిక్ స్టర్లింగ్ తయారు చేయించిన ఎక్స్‌ప్రెస్ ఇంజన్ ఫొటో చూసి దాని చక్రాల అంకె రాయమన్నాను. జవాబు 4-2-2. ముందు నాలుగు చిన్నవి, నడుమ రెండు పెద్దవి, వెనక రెండు. ఫొటోలో ఒక పక్కే కనిపిస్తుంది కాబట్టి 2-1-1 అని రాసినా కంగారు పడకండి. ఫ్రాన్స్‌లో ఇరుసులను లెక్కపెట్టి అలాగే రాస్తారు.

ఈ పాఠమంతా ఆ నడుమ జత గురించే. ఆవిరి బలంతో తిరిగేది ఆ ఒక్క జతే. దాని వ్యాసం 8 అడుగుల 1 అంగుళం, అంటే 97 అంగుళాలు. ఈ తరహా ఇంజన్లలో మొదటిది ఇప్పుడు యార్క్ రైల్వే మ్యూజియంలో ఉంది. ఎంత పొడుగు మనిషైనా పక్కన నిలబడితే ఆ చక్రం అతని తల దాటిపోతుంది.

అంత పెద్ద చక్రం ఎందుకు? సిలిండర్లో ఆవిరి తోసే కడ్డీ, అంటే పిస్టన్, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి వెళ్తే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చక్రం పెద్దదైతే అదే చుట్టులో రైలు ఎక్కువ దూరం పోతుంది, పిస్టన్ మాత్రం పరుగులు పెట్టక్కర్లేదు. సిలిండర్లో కందెనగా జంతువుల కొవ్వు వాడిన కాలమది. పిస్టన్‌ను నెమ్మదిగా నడిపించడమే అప్పటి ఇంజనీర్లకు క్షేమం అనిపించింది.

ఇక లెక్క. ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి: 336. గంటకు ఎన్ని మైళ్లో దాన్ని 336తో హెచ్చించి, చక్రం వ్యాసం అంగుళాల్లో ఎంతో దానితో భాగించండి. నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. ఈ పాఠంలో మైళ్లు, అంగుళాలే వాడదాం, ఆ ఇంజన్ల కొలతలన్నీ వాటిలోనే ఉన్నాయి.

స్టర్లింగ్ ఇంజన్ 60 మైళ్ల వేగంతో పోతోందనుకోండి. 336 × 60 = 20,160. దాన్ని 97తో భాగిస్తే సుమారు 208 చుట్లు. ఇప్పుడు 1829 నాటి ‘రాకెట్’ అనే ఆవిరి ఇంజన్‌ను తీసుకోండి. దాని పెద్ద చక్రం 56న్నర అంగుళాలే. అదే 60 మైళ్లు పోవాలంటే అది నిమిషానికి 357 చుట్లు తిరగాలి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో జరిగిన రెయిన్‌హిల్ ఇంజన్ల పోటీలో దాని గరిష్ఠ వేగం 30 మైళ్ల దగ్గరే, అంటే 178 చుట్లు. రాకెట్ వేగానికి రెట్టింపు వేగంతో పోతున్నా స్టర్లింగ్ చక్రం తిరిగేది దానికన్నా 30 చుట్లే ఎక్కువ!

దీన్ని తిరగేసి కూడా వాడుకోవచ్చు, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. రెండు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకు నాలుగుసార్లు ‘ఛుక్’ మంటుంది. 15 సెకన్లలో ఎన్ని ఛుక్‌లు వినిపిస్తే నిమిషానికి అన్ని చుట్లు. స్టర్లింగ్ ఇంజన్ నుంచి 35 వినిపించాయనుకోండి. 35ను 97తో హెచ్చించి 336తో భాగించండి. గంటకు 10 మైళ్లు. స్టేషన్ నుంచి కదిలే ఇంజన్ వీడియో పెట్టుకుని ప్రయత్నించండి. వేగం పెరిగితే శబ్దాలు కలిసిపోతాయి, చెవికి అందవు.

మరి చక్రాన్ని ఇంకా పెంచుకుంటూ పోవచ్చుగా? 1838లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వేకి హరికేన్ అనే ఇంజన్ వచ్చింది. 10 అడుగుల చక్రాలు. బాయిలర్ వేరే బండి మీద పెట్టారు. ఆ తెలివే దాన్ని ముంచింది. పట్టా మీద చక్రానికి పట్టు దొరకాలంటే దాని మీద బరువు ఉండాలి. ఆ బరువంతా పక్క బండిలో కూర్చుంది. ఇంజన్ ఎక్కువ కాలం నిలవలేదు.

ఆ బాధ కాస్తో కూస్తో, ఆవిరి తిప్పే చక్రాలు ఒక్క జతే ఉన్న ఈ ఒంటి జత ఇంజన్లన్నిటికీ ఉండేది. బండి బరువెక్కినా, పట్టా తడిసినా చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగేది. పట్టు కోసం పట్టా మీద ఇసుక పోద్దామంటే గాలికి ఎగిరిపోయేది. 1886లో ఇంగ్లండ్‌లోని మిడ్‌ల్యాండ్ రైల్వేలో ఫ్రాన్సిస్ హోల్ట్ ఆవిరి ధారతో ఇసుకను సరిగ్గా చక్రం కిందికి కొట్టే పద్ధతి తెచ్చాడు. పని అయిపోయిందనుకున్న ఒంటి జత ఇంజన్లను ఆ రైల్వే మరుసటి ఏడాది నుంచే మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. గుప్పెడు ఇసుక చేసిన పని!

హోంవర్క్:

1847 నాటి ఐరన్ డ్యూక్ అనే ఇంజన్ చక్రం 8 అడుగులు. 60 మైళ్ల వేగంలో నిమిషానికి ఎన్ని చుట్లు?

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ అండ్ ఎక్సెటర్ రైల్వే ఇంజన్లకు 9 అడుగుల చక్రాలుండేవి. 1854లో ఒకటి వెల్లింగ్టన్ వాలులో సుమారు 82 మైళ్లు అందుకుందని చెబుతారు. దానికెన్ని?

మూడోది లెక్క కాదు. 1855లో లీడ్స్‌లో తయారై మన దేశానికొచ్చిన ఫెయిరీ క్వీన్ ఇంజన్ ఫొటో వెతికి, చక్రాల అంకె రాసి, బరువు ఏ ఇరుసు మీద ఎక్కువ పడుతుందో ఊహించండి.

వచ్చే పాఠంలో రెండు జతలను ఒకే కడ్డీతో కలిపిన 4-4-0.