సైకిళ్ల ర్యాక్ కోసం చిన్న కారుకు హిచ్ బిగించాను

డిక్కీ తలుపుకి పట్టీలతో కట్టే ర్యాక్ నాకు నచ్చదు. పెయింట్ గీసుకుపోతుంది, డిక్కీ తెరవాలంటే అన్నీ విప్పాలి. అందుకే కారు వెనక కింద హిచ్ బిగించాను, అంటే ట్రైలర్‌నో ర్యాక్‌నో తగిలించే ఇనుప చట్రం. చిన్న కార్లకు మామూలుగా వచ్చేది క్లాస్ 1 (తక్కువ బరువు మోసే రకం), అంటే ర్యాక్ దూర్చడానికి 1.25 అంగుళాల చదరపు గొట్టం. ట్రైలర్ లాగే పని లేదు కాబట్టి వైరింగ్ జోలికి పోలేదు.

డ్రిల్లింగ్ కూడా అక్కర్లేకపోయింది, ఛాసిస్‌కి ఉన్న రంధ్రాలే సరిపోయాయి. తిప్పలంతా హిచ్‌కి చోటు కోసం సైలెన్సర్ దించడం దగ్గరే. దాన్ని పట్టుకున్న రబ్బర్ హ్యాంగర్లు ఓ పట్టాన ఊడలేదు. సబ్బునీళ్లు రాసి అటూ ఇటూ ఆడిస్తే జారాయి. దించిన సైలెన్సర్ కింద చెక్కదిమ్మ పెట్టాలి, లేకపోతే బరువంతా ముందు జాయింట్ మీద పడుతుంది.

ఛాసిస్ లోపల డొల్ల, చెయ్యి పట్టదు. బోల్టు పంపడానికి కిట్‌లో కొస చుట్ట తిప్పిన తీగ ఉంటుంది. దాన్ని బోల్టు రంధ్రంలో దూర్చి, పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి బయటికి తీసి, వాషర్ ప్లేటు ఎక్కించి, చుట్టలోకి బోల్టు తిప్పి మెల్లగా వెనక్కి లాగితే బోల్టు వచ్చి కూర్చుంటుంది. భలే ఉపాయం! హిచ్ పైకెత్తేటప్పుడు తీగ దాని రంధ్రంలోంచి కూడా రావాలి. బోల్టు లోపల పడిందా, ఇక దేవుడే దిక్కు.

నట్లు మాన్యువల్‌లోని అంకెకే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగించాను. ర్యాక్ కాస్త ఊగింది. ర్యాక్‌ని హిచ్ గొట్టంలో పట్టి ఉంచే పిన్ను బదులు బిగుతు బోల్టు వేశాక ఆగింది. హిచ్ ఎంత బరువు మోయగలదో చూసుకునేటప్పుడు సైకిళ్లతో పాటు ర్యాక్ బరువు కూడా కలపాలి.