మెటల్ బ్యాట్ ముందు దగ్గర నిలబడొద్దు: బేస్‌బాల్ వేసవి క్యాంపులకు ముందు జాగ్రత్తలు

మొన్న మా పక్క మండలంలో బేస్‌బాల్ ప్రాక్టీస్ జరుగుతుంటే తొమ్మిదో తరగతి పిల్లాడికి బంతి తగిలి చెంప ఎముక విరిగింది. అతను బ్యాటింగ్ చేయడం లేదు, బంతి వేస్తున్నాడు. బ్యాటర్‌కి హెల్మెట్ ఉంది, అతని వెనక బంతి పట్టే క్యాచర్‌కి మాస్క్ ఉంది. బంతి వేసే పిల్లాడి ముందు మాత్రం ఏమీ లేదు. పైగా నిలబడింది పది మీటర్ల దూరంలో.

మహబూబ్‌నగర్, వనపర్తి, నల్గొండ, మిర్యాలగూడ వైపు వేసవి క్యాంపులు మొదలయ్యే రోజులివి. ఎండ, నీళ్లు, హెల్మెట్ గురించి అందరూ చెప్తారు కాబట్టి అవి వదిలేస్తున్నా.

ఆ దెబ్బ తగిలినప్పటి నుంచి ఇక్కడ అందరూ మెటల్ బ్యాట్లు మానేసి కర్ర బ్యాట్లు తెమ్మంటున్నారు. ఆ మాటలో నిజం ఉంది. మెటల్ బ్యాట్ లోపల బోలుగా ఉంటుంది. బంతి తగలగానే దాని గోడ కొద్దిగా లోపలికి వంగి, నులక మంచం మీద దూకినవాణ్ని ఎగరేసినట్టు బంతిని తిరిగి విసురుతుంది. ముందు భాగం తేలిక కాబట్టి పిల్లలు ఇంకా వేగంగా తిప్పగలరు. అమెరికాలో 2003లో మోంటానా రాష్ట్రంలో మెటల్ బ్యాట్ దెబ్బకు వచ్చిన బంతి తగిలి 18 ఏళ్ల పిచర్ (బంతి వేసేవాడు) చనిపోయాడు. న్యూయార్క్ నగరం 2007లో హైస్కూల్ మ్యాచ్‌లలో మెటల్ బ్యాట్లను నిషేధించింది. తర్వాత బ్యాట్ బంతిని ఎంత బలంగా తిప్పి విసురుతుందో చెప్పే బీబీసీఓఆర్ (BBCOR) అనే కొలత వచ్చింది. 2011 నుంచి అక్కడి కాలేజీల్లో, 2012 నుంచి హైస్కూళ్లలో .50 పరిమితి పెట్టి మెటల్ బ్యాట్ల వేగాన్ని కర్ర బ్యాట్ల దగ్గరికి దించారు. పెద్ద పిల్లలకు కొనేటప్పుడు బ్యాట్ మీద ఆ ముద్ర ఉందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్‌లో వచ్చే పాత అల్యూమినియం బ్యాట్లకు అది ఉండదు.

అయితే కర్ర బ్యాట్ తెచ్చాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. 2007లో అమెరికాలో మైనర్ లీగ్ (అగ్రస్థాయి మేజర్ లీగ్‌కి కింది స్థాయి పోటీ) మ్యాచ్‌లో, కొట్టినవాడు పరుగెత్తి చేరే మొదటి స్థానమైన ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డ కోచ్ మైక్ కూల్‌బా బంతి తగిలి చనిపోయారు. అది కర్ర బ్యాట్‌తో ఆడే పోటీ. ఆ తర్వాతే 2008 నుంచి మేజర్ లీగ్‌లో బేస్ కోచ్‌లు కూడా హెల్మెట్ పెట్టుకోవాలన్న నియమం వచ్చింది.

కాబట్టి ముందు దూరం చూడండి. నేను చూసిన పెద్ద దెబ్బల్లో ఎక్కువ మ్యాచ్‌లో తగిలినవి కావు. ప్రాక్టీస్‌లో, దగ్గర నుంచి బంతి వేస్తూ తిన్నవి. పిచర్ నిలబడాల్సిన దూరం 18.44 మీటర్లు. బ్యాట్ నుంచి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన బంతి అంత దూరం రావడానికి అర సెకను కాస్త దాటుతుంది. పది మీటర్లకైతే 0.3 సెకను. చేయి లేపే టైమ్ కూడా ఉండదు. గ్రౌండ్ చిన్నదని, పిల్లాడికి బంతి సులువుగా అందాలని సార్లు దగ్గరికి జరుపుతారు. ఉద్దేశం మంచిదే, కానీ ముఖం పగిలేది అక్కడే. చిన్న పిల్లలకు దగ్గర నుంచే వేయాలంటే మెత్తటి బంతి వాడండి, లేదా మధ్యలో నెట్ పెట్టండి. మూడో దారి లేదు.

నెట్ ఖరీదైనదేమీ కాదు. వెల్డింగ్ షాపులో జీఐ పైపులతో ఎల్ ఆకారంలో (బంతి వేసే చేయి వైపు పై మూల ఖాళీగా ఉండేలా) ఫ్రేమ్ చేయించి, క్రికెట్ ప్రాక్టీస్ నెట్‌ను రెండు పొరలుగా కట్టండి. వాలీబాల్ నెట్ పనికిరాదు. దాని కన్ను పది సెంటీమీటర్లు, బేస్‌బాల్ అడ్డుకొలత ఏడున్నర లోపే, నేరుగా దూరిపోతుంది. బంతి వేశాక వేసినవాడు నెట్ వెనక్కి రావాలి. నెట్‌కి ఆనుకుని నిలబడొద్దు, అది లోపలికి సాగుతుంది.

ఇక బ్యాట్లు. మన స్కూళ్లలో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండింటికీ ఒకటే కిట్ తిప్పుతారు. సాఫ్ట్‌బాల్ బ్యాట్‌తో బేస్‌బాల్ కొట్టించొద్దు. గట్టి బంతికి అది సొట్టపడుతుంది, పగులుతుంది. కర్ర బ్యాట్‌పై ఉండే కంపెనీ ముద్ర ఆకాశం వైపో నేల వైపో ఉండేలా పట్టుకుని కొట్టాలి. పక్కకి తిరిగితే బ్యాట్ త్వరగా విరుగుతుంది. వడ్రంగితో చేయించుకునేవాళ్లు కర్ర చారలు పిడి నుంచి చివరి దాకా నిటారుగా ఉన్నాయో లేదో చూడండి. ఏటవాలుగా ఉంటే తీసుకోవద్దు. విరిగిన ముక్క ఈటెలా మొనదేలి ఎగురుతుంది.

మిగతావి వరసగా చెప్తున్నా.

పగిలిన కర్ర బ్యాట్‌కి మేకు కొట్టి, టేప్ చుట్టి వాడొద్దు. ఊపితే లోపల గలగలమనే మెటల్ బ్యాట్ పక్కన పెట్టండి. చివరి మూత వదులైనా అంతే. గ్రిప్ అరిగితే ఆ రోజే మార్చండి. చెమట చేతుల్లోంచి జారిన బ్యాట్ వరసలో ఉన్న పిల్లల మీదికే పోతుంది, కాబట్టి వరస దూరంగా పెట్టండి. ఒకే గ్రౌండ్‌లో ఇద్దరు బ్యాటర్లను ఎదురెదురుగా నిలబెట్టొద్దు. బంతి వేసేవాడు రెడీ అనకుండా బ్యాట్ ఊపొద్దు. గట్టి బంతిని దగ్గర నుంచి నెట్ లేకుండా అసలే వేయొద్దు. నెట్ లేకుండా అసలే వేయొద్దు. ఉరుము వినిపిస్తే ఆట ఆపి పిల్లల్ని బిల్డింగ్‌లోకి తీసుకెళ్లండి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి పంపొద్దు. ఛాతీకి బంతి తగిలి పిల్లాడు కుప్పకూలితే నీళ్లు చల్లుతూ నిలబడొద్దు. ఆ దెబ్బకు గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే సీపీఆర్ (ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ ఉండటం) మొదలుపెట్టాలి. క్యాంపులో సీపీఆర్ వచ్చినవాళ్లు ఇద్దరైనా లేకపోతే క్యాంపు మొదలుపెట్టొద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఒక్కసారి గ్రౌండ్‌కి వెళ్లి చూడండి. మీ పిల్లాడు నెట్ లేకుండా పది మీటర్ల నుంచి మెటల్ బ్యాట్‌కి బంతి వేస్తుంటే అక్కడికక్కడే పక్కకు పిలవండి. సార్ ఏమనుకుంటారో అని ఆగొద్దు.