విశాఖ కొండల్లో వాన నీళ్ళు కొత్త ఖనిజాలు చేస్తున్నాయి, చూడటం ఇలా

కైలాసగిరి గానీ సింహాచలం గానీ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పక్కన కొండని కోసిన గోడ ఉంటుంది కదా, ఈసారి బండి జాగ్రత్తగా ఓ పక్కన ఆపి దాన్ని చూడండి. మామూలు వాన నీళ్ళతో, మన ఊరి వేడిలోనే అక్కడ కొత్త ఖనిజాలు పుడుతున్నాయి.

ఆ రాయి ఎక్కువగా ఖొండలైట్. దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందట, భూమి లోతుల్లో 800 డిగ్రీలు దాటిన వేడిలో తయారైంది. అంత వేడికి అలవాటుపడ్డ ఖనిజాలు 30 డిగ్రీల తడిలో నిలకడగా ఉండలేవు. గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం పుల్లబడ్డ నీళ్ళు పగుళ్ళలోకి దిగి, ఫెల్డ్‌స్పార్ అనే లేతరంగు ఖనిజంలోని పొటాషియాన్నీ కొంత సిలికానీ (ఇసుకలో ఉండే పదార్థమే) కరిగించి పట్టుకుపోతాయి, అక్కడ మిగిలేది తెల్లటి కెయొలిన్ మట్టి. గార్నెట్ అనే ఎర్రటి ఖనిజంలోని ఇనుము తుప్పు పట్టి పసుప్పచ్చ గోథైట్, ఎర్రటి హెమటైట్ అవుతుంది.

వానలు పోయాక, డిసెంబరు, జనవరిల్లో పొద్దున్నే వెళ్ళండి. వానల్లో మాత్రం ఆ గోడల కింద నిలబడొద్దు, చరియలు విరిగిపడతాయి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, ఒక మేకు, వెనక గరుకుగా ఉండే టైల్ ముక్క చాలు.

ముందు దూరంగా నిలబడి పగుళ్ళ వెంట చూపు పోనివ్వండి. నీళ్ళకి దారి అదే కాబట్టి మార్పు మొదలయ్యేదీ అక్కడే. పగుళ్ళ మధ్య రాయి ఇంకా గట్టిగా ఉంటుంది, పగులు దగ్గరికొచ్చేసరికి పసుపు, ఎరుపు, తెలుపు చారలు. తర్వాత కింద రాలిన ముక్క తీసుకోండి (సుత్తి వద్దు, గోడని కొట్టకండి). తెల్లటి చోట మేకుతో గీకితే పిండిలా రాలి, తడి వేలికి అంటుకుంటే కెయొలిన్. తెల్లగానే ఉన్నా సూదుల్లా, నారల్లా కనిపించి పొడి కాకపోతే అది సిల్లిమనైట్, పాత రాయిలోని ఖనిజమే, అంత తేలిగ్గా నీళ్ళకి లొంగదు. మొదట్లో అందరూ తికమకపడేది ఈ రెండిటి దగ్గరే. రంగు పొరల్ని టైల్ వెనక గీయండి: పసుపు గోధుమ గీత పడితే గోథైట్, ఎర్ర గోధుమ గీత పడితే హెమటైట్. వేలికి నల్లగా, నున్నగా అంటుకునే రేకులు గ్రాఫైట్, అది పాత రాయిలోదే, నీళ్ళు చేసింది కాదు.

ఇది అర్థమైతే అరకు దారిలో గాలికొండ దగ్గర బాక్సైట్ ఎందుకుందో తెలుస్తుంది, అక్కడ నీళ్ళు సిలికాని కూడా చాలావరకు కడిగేసి అల్యూమినియం ఖనిజాల్ని మిగిల్చాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఇసుకకి పట్టిన ఎరుపూ ఇనుము ఆక్సైడే, కానీ అక్కడ చూసి రండి, గుప్పెడు కూడా తేవొద్దు. బొర్రా గుహల్లో కథ తిరగబడుతుంది: సున్నపురాయిని కరిగించిన నీళ్ళు గుహలోకి వచ్చి కార్బన్ డయాక్సైడ్ వదిలేయగానే కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజమే) మళ్ళీ పేరుకుంటుంది. అక్కడ వేలాడే రాళ్ళని ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే ఆ చోట కొత్త పొర సరిగా పట్టదు.